పసికందుల సెప్సిస్‌ను త్వరగా పట్టే పరీక్షను తయారు చేయడం ఎలా

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా డాక్టరుకు మొదట కలిగే అనుమానం సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ఒళ్లంతటినీ దెబ్బతీయడం. ఇవే లక్షణాలు రక్తంలో చక్కెర పడిపోయినా, ఒంటికి వెచ్చదనం చాలకపోయినా, ఊపిరితిత్తులు ఇంకా పక్వానికి రాకపోయినా కనిపిస్తాయి. ఏది అసలు కారణమో తేల్చడానికి నేటికీ ప్రధాన ఆధారం బ్లడ్ కల్చర్, అంటే రక్తాన్ని సీసాలో ఉంచి అందులోని సూక్ష్మజీవిని పెంచి చూడడం. సూక్ష్మజీవి పెరిగేదాకా కల్చర్ తేలదు. చాలా సీసాలు 24 నుంచి 36 గంటల్లోనే పాజిటివ్ అయినా, ఏమీ పెరగలేదని ధైర్యంగా చెప్పడానికి ల్యాబులు సాధారణంగా 48 గంటలు ఆగుతాయి. పెరిగిన సూక్ష్మజీవి ఏ మందుకు లొంగుతుందో చెప్పడానికి మరో రోజు పడుతుంది. ఈలోగా, నిజంగా ఇన్ఫెక్షన్ ఉన్న బిడ్డకూ లేని బిడ్డకూ ఒకే తీరున యాంటీబయాటిక్ ఎక్కుతూనే ఉంటుంది.

ఈ వ్యవధిని గంటలకు తగ్గించే పరీక్షను తయారు చేయాలనుకునే మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ వారి కోసం, వారితో కలిసి పనిచేసే పిల్లల డాక్టర్ల కోసం ఈ వ్యాసం. సాధారణంగా ఇలాంటి ప్రయత్నాలు చేతిలో ఉన్న టెక్నాలజీతో మొదలవుతాయి. పీసీఆర్ (డీఎన్ఏను ఎన్నో రెట్లు పెంచి గుర్తించే పద్ధతి) తెలిసినవారు పీసీఆర్ కిట్, సెన్సర్లు తెలిసినవారు సెన్సర్ మొదలుపెట్టి, ఆసుపత్రిలో దాని ఉపయోగాన్ని తరువాత వెతుక్కుంటారు. నా అభిప్రాయంలో ఈ వరుసను తిరగేయాలి. వార్డులో మారాల్సిన నిర్ణయం, బిడ్డ నుంచి తీయగలిగే రక్తం, ఈ రెండూ తేలిన తరువాతే టెక్నాలజీని ఎంచుకోవాలి.

ఏ నిర్ణయం కోసం?

ఒక కాగితం మీద ఒకే వాక్యం రాసుకోండి: ఈ ఫలితం చూసి డాక్టరు ఏం చేస్తారు? దీనికి మూడు జవాబులు ఉండవచ్చు. మందు మొదలుపెట్టడం, మందు ఆపడం, మందు మార్చడం.

మొదటిదాని జోలికి పోకపోవడమే మంచిది. అనుమానం గట్టిగా ఉన్న బిడ్డకు మందు పట్టకుండా ఏ డాక్టరూ రెండు గంటలు పరీక్ష కోసం ఎదురుచూడరు, చూడకూడదు కూడా. రెండోదానికి ఎంతో విలువ ఉంది. అనుమానంతో మందు మొదలైన పిల్లల్లో ఎక్కువమందికి చివరికి కల్చర్ నెగెటివ్ వస్తుంది. వారికి ఆరు గంటల్లోనో ఎనిమిది గంటల్లోనో 'ఇన్ఫెక్షన్ లేదు' అని నమ్మకంగా చెప్పగలిగితే అనవసరపు డోసులు, అనవసరపు సెలైన్ సూదులు, తల్లీబిడ్డల ఎడబాటు, వార్డులో మందులకు లొంగని సూక్ష్మజీవుల పెరుగుదల, అన్నీ తగ్గుతాయి. మూడోదాని అవసరం మన దేశంలో మరింత తీవ్రంగా ఉంది. 2011 నుంచి 2014 మధ్య ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో 13,530 మంది నవజాత శిశువులను పరిశీలించిన డెనిస్ అనే అధ్యయనంలో ఎక్కువగా దొరికినవి ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ. కోలై అనే సూక్ష్మజీవులు. ఎసినెటోబాక్టర్‌లో 82 శాతం, క్లెబ్సియెల్లాలో 54 శాతం, ఈ. కోలైలో 38 శాతం పలు రకాల మందులకు లొంగనివే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసే యాంపిసిలిన్, జెంటామైసిన్ జోడీ ఇలాంటి చోట ఎంతమందిని కాపాడగలదో ఆలోచించండి.

అమెరికా, ఐరోపాలలో పుట్టిన మొదటి మూడు రోజుల్లో వచ్చే సెప్సిస్‌కు ముఖ్య కారణాల్లో గ్రూప్ బి స్ట్రెప్టోకోకస్ ఒకటి. ఢిల్లీ లెక్కల్లో పైచేయి ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా వంటి గ్రామ్ నెగెటివ్ సూక్ష్మజీవులది. అందువల్ల విదేశీ కిట్‌లోని సూక్ష్మజీవుల జాబితాను ఉన్నదున్నట్టు దించుకుంటే పరీక్ష ఎంత బాగా నడిచినా మన వార్డులకు అక్కరకు రాదు. పరీక్షను వాడబోయే ఆసుపత్రుల నుంచి గత రెండు మూడేళ్ల కల్చర్ రిపోర్టులు తెప్పించి, వాటి ఆధారంగా జాబితాను సిద్ధం చేసుకోవాలి.

చేతికి వచ్చే రక్తం ఎంత?

ఈ అంశం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చాలా మంచి ఆలోచనలు ఇక్కడే చతికిలబడతాయి.

నవజాత శిశువు ఒంట్లో కిలో బరువుకు సుమారు 80 నుంచి 90 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. కిలో బరువున్న బిడ్డ అంటే మొత్తం రక్తం ఒక టీ గ్లాసు కూడా నిండదు. పిల్లల మీద పరిశోధనలకు ఐరోపా మార్గదర్శకాలు సూచించిన హద్దు ఒకసారికి మొత్తం రక్తంలో 1 శాతం, నాలుగు వారాల్లో 3 శాతం. అంటే కిలో బిడ్డ నుంచి పరిశోధన కోసం ఒక్కసారి తీయగలిగేది ఒక మిల్లీలీటరుకు లోపే. కల్చర్‌కు కనీసం 1 మిల్లీలీటరు కావాలని డాక్టర్లు ఇప్పటికే కోరుతున్నారు, అది కూడా చాలాసార్లు దొరకదు.

ఆ రక్తం ఎలా వస్తుందో ఒకసారి దగ్గర నిలబడి చూడాలి. సిస్టర్ బిడ్డ చేతిని వెచ్చబరిచి, చర్మాన్ని మందుతో తుడిచి, అది ఆరేదాకా ఆగి, సన్నటి సూదిని నరంలోకి పోనిస్తారు. రక్తం ధారగా రాదు, బొట్టుబొట్టుగా ఊరుతుంది. మధ్యలో గడ్డకడుతుంది. బిడ్డ చెయ్యి లాక్కుంటుంది. అర మిల్లీలీటరు వచ్చేసరికి నరం ముడుచుకుపోతుంది. ఆ అర మిల్లీలీటరులోనే కల్చర్, సీఆర్‌పీ (ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు రక్తంలో పెరిగే ప్రోటీన్), రక్తకణాల లెక్క, వీటన్నిటి తరువాత మీ కొత్త పరీక్ష.

ఇప్పుడు ఈ లెక్క చూడండి. పెద్దవాళ్ల మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే ఒక మిల్లీలీటరులో లక్ష సూక్ష్మజీవులు ఉండవచ్చు. సెప్సిస్ వచ్చిన పసికందు రక్తంలో కొన్నిసార్లు మిల్లీలీటరుకు నాలుగైదు కూడా ఉండవు. మిల్లీలీటరుకు 4 ఉన్నాయనుకుని 100 మైక్రోలీటర్ల రక్తం తీస్తే, ఆ రక్తంలో ఒక్క సూక్ష్మజీవి కూడా లేకపోయే అవకాశం 67 శాతం. అదే 1 మిల్లీలీటరు తీస్తే ఆ అవకాశం 2 శాతానికి లోపు. చెరువులోంచి ఒక చెంబుడు నీళ్లు ముంచి అందులో చేప లేదు కనుక చెరువులోనే లేదనడం ఎంత తప్పో, ఒక చుక్క రక్తంలో సూక్ష్మజీవి డీఎన్‌ఏ దొరకలేదు కనుక బిడ్డకు ఇన్ఫెక్షన్ లేదనడం అంతే తప్పు. పరికరం ఎంత సున్నితమైనదైనా తనకు అందని సూక్ష్మజీవిని పట్టలేదు. 2024లో యాంటీబయాటిక్ నిరోధకతకు సంబంధించిన లాంగిట్యూడ్ బహుమతి గెలిచిన పరీక్ష మూత్రనాళ ఇన్ఫెక్షన్‌ది. అది ఎంతో మెచ్చదగిన పని, కానీ ఆ పద్ధతిని నేరుగా పసికందు రక్తానికి తెచ్చుకోవాలంటే ముందు ఈ తేడాను దాటాలి.

కాబట్టి 'మడమ దగ్గర ఒక్క చుక్క చాలు' అన్న హామీతో పరీక్షను రూపొందించాలనుకుంటే, సూక్ష్మజీవిని నేరుగా వెతికే పద్ధతి పనికిరాదు. బిడ్డ శరీరం చూపే ప్రతిస్పందనను కొలవాలి. సూక్ష్మజీవినే వెతకాలంటే కల్చర్‌కు తీసే రక్తంలో వాటా పొందాలి, లేదా కల్చర్ సీసా నుంచే కొన్ని గంటల తరువాత నమూనా తీసుకోవాలి. ఈ చివరి దారిని చాలామంది చిన్నచూపు చూస్తారు. సీసాలో ఐదారు గంటలు పెరగనిచ్చి అప్పుడు పీసీఆర్ చేస్తే, బిడ్డకు అదనపు సూది పోటు లేకుండానే, ఉన్న నాలుగు సూక్ష్మజీవులు వేలల్లోకి చేరవచ్చు. ఆసుపత్రికి ఉదయం చేరిన సీసా మీద సాయంత్రానికి జవాబు చెప్పడం కూడా, రెండు రోజుల ఎదురుచూపు ముందు, చిన్న విజయం కాదు. అయితే సీసా సీలును మధ్యలో తెరవడం వల్ల బయటి సూక్ష్మజీవులు చేరకుండా కట్టుదిట్టంగా పనిచేయాలి. కల్చర్ ద్రవంలో కలిపిన కొన్ని పదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకోకుండానూ చూసుకోవాలి.

ఏం కొలవాలి?

శరీర ప్రతిస్పందనను కొలిచే గుర్తుల్లో అందరికీ తెలిసింది సీఆర్‌పీ. ఇది కాలేయంలో తయారవుతుంది కనుక ఇన్ఫెక్షన్ మొదలైన 6 నుంచి 12 గంటల తరువాతే పెరగడం మొదలై, 24 నుంచి 48 గంటల మధ్య గరిష్ఠానికి చేరుతుంది. మొదటి గంటల్లో నెగెటివ్ వస్తే దాన్ని నమ్మలేం. ప్రొకాల్సిటోనిన్ ఇంతకంటే ముందే పెరుగుతుంది కానీ, ఆరోగ్యంగా పుట్టిన బిడ్డలోనూ మొదటి రెండు రోజుల్లో సహజంగానే పెరిగి తగ్గుతుంది. అందువల్ల పుట్టి ఎన్ని గంటలయిందో చూసి హద్దు మార్చాలి. ఇంటర్‌ల్యూకిన్-6 చాలా త్వరగా పెరిగి, అంతే త్వరగా పడిపోతుంది. తొలి గంటల్లో ఇంటర్‌ల్యూకిన్-6, తరువాతి గంటల్లో సీఆర్‌పీ అక్కరకు వస్తాయి కనుక రెండింటినీ జోడించి చూడడం ఒక్కదాన్నే నమ్ముకోవడం కంటే మేలు.

సూక్ష్మజీవి డీఎన్‌ఏను వెతికే పరీక్షల మీద 2017లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి బేరీజు వేసేది), వాటి సున్నితత్వం (జబ్బు ఉన్నవారిలో పాజిటివ్ వచ్చే వాటా) సగటున 90 శాతం, నిర్దిష్టత (జబ్బు లేనివారిలో నెగెటివ్ వచ్చే వాటా) 93 శాతం అని తేల్చింది. ఈ అంకెలు చూసి పొంగిపోకుండా, ఆచరణలో వాటి అర్థమేమిటో తెలుసుకోవాలి. ఆ లెక్క కింద వేస్తాను.

నమూనా సిద్ధం చేయడం

ఒక మిల్లీలీటరు నవజాత శిశువు రక్తంలో కోటి నుంచి రెండు కోట్ల తెల్లకణాలు ఉంటాయి. ఒక్కో కణంలోని డీఎన్‌ఏ ఒక ఈ. కోలై కణంలోని డీఎన్‌ఏకు వెయ్యి రెట్ల పైమాటే. ఇంత మనిషి డీఎన్‌ఏ మధ్య నాలుగు సూక్ష్మజీవుల డీఎన్‌ఏను వెతకాలి. కాబట్టి ముందు తెల్లకణాలను మెల్లగా పగలగొట్టి, వాటి డీఎన్‌ఏను ఎంజైమ్‌తో కరిగించి, ఆ తరువాతే సూక్ష్మజీవుల గట్టి గోడలను బద్దలుకొట్టే రెండంచెల పద్ధతిని పరిశీలించాలి. దీనికి ఒక మూల్యం ఉంది: బిడ్డకు అప్పటికే మందు పడి ఉంటే, సగం చితికిన సూక్ష్మజీవులు మొదటి అంచెలోనే పోతాయి.

రక్తం ఏ గొట్టంలోకి తీశారో కూడా ముఖ్యం. రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది, కనుక అదే పని చేసే ఈడీటీఏ కలిపిన గొట్టం వాడాలి. బొడ్డునరంలో వేసిన లైన్ మూసుకుపోకుండా హెపారిన్ కలిపిన ద్రవం పోసే వార్డుల్లో, గొట్టం సరైనదే అయినా రక్తంతోపాటు హెపారిన్ వచ్చేయవచ్చు. హీమోగ్లోబిన్ కూడా అడ్డుపడుతుంది, పసికందుల్లో అది పెద్దవాళ్లలో కంటే ఎక్కువే. అందుకే ప్రతి నమూనాలోనూ పీసీఆర్ నిజంగా నడిచిందో లేదో చెప్పే అంతర్గత కంట్రోల్ తప్పనిసరి. అది కూడా రాకపోతే ఫలితాన్ని 'నెగెటివ్' అని కాక 'చెల్లదు' అని చూపాలి.

దీనికి ఎదురు సమస్య తప్పుడు పాజిటివ్. పీసీఆర్‌లో వాడే ఎంజైమ్‌ను చాలావరకు ఈ. కోలైలోనే తయారు చేస్తారు కనుక దాని డీఎన్‌ఏ అవశేషాలు రియేజెంట్లలో మిగిలి ఉండవచ్చు. సూక్ష్మజీవులన్నింటిలో ఉండే 16ఎస్ జన్యువును వెతికే పరీక్షలో ఇది పెద్ద తలనొప్పి. ప్రతి బ్యాచ్‌లోనూ రక్తానికి బదులు శుభ్రమైన నీరు పోసిన గొట్టాలను నడిపి, వచ్చిన సంకేతాన్ని రికార్డు చేస్తూ ఉండాలి.

మొదటి ప్రయోగాలకు పసికందుల రక్తం అడగనక్కరలేదు. కాన్పు తరువాత పారవేసే బొడ్డుతాడు రక్తాన్ని తల్లి అనుమతితో తీసుకుని, అందులో లెక్కపెట్టిన సూక్ష్మజీవులను కలిపి పరీక్షించవచ్చు. ప్రామాణిక రకాలతో పాటు స్థానిక ఆసుపత్రుల్లో దొరికిన మొండి రకాలనూ కలపాలి. 20 గొట్టాల్లో కనీసం 19 పాజిటివ్ వచ్చే అతి తక్కువ సంఖ్యే మీ పరీక్ష పట్టగల హద్దు. ఆ హద్దు మిల్లీలీటరుకు 100 అని తేలితే, రోగుల దగ్గరికి వెళ్లకుండా వెనక్కి వచ్చి నమూనా తయారీని మెరుగుపరుచుకోవాలి.

దేనితో పోల్చాలి?

కొత్త పరీక్షను పాతదానితో పోల్చి చూస్తాం. ఇక్కడ పాతదే నమ్మదగింది కాదు. ఢిల్లీ అధ్యయనంలో 14.3 శాతం పిల్లలకు సెప్సిస్ ఉందని నిర్ధారించగా, కల్చర్ పాజిటివ్ వచ్చింది మొత్తం పిల్లల్లో 6.2 శాతానికే. మిగతావారికి నిజంగా ఇన్ఫెక్షన్ లేదా, రక్తం చాలలేదా, కాన్పుకు ముందు తల్లికి ఇచ్చిన యాంటీబయాటిక్ కల్చర్‌ను అణచివేసిందా? మీ పరీక్ష పాజిటివ్, కల్చర్ నెగెటివ్ అయిన ప్రతి బిడ్డ విషయంలోనూ ఈ ప్రశ్న వస్తుంది. జవాబును ఫలితాలు వచ్చాక వెతుక్కోకూడదు, ముందే రాసిపెట్టుకోవాలి. మీ పరీక్ష ఫలితం తెలియని ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులైన డాక్టర్లు కేసు షీటు, ఎక్స్-రే, సీఆర్‌పీ వరుస, బిడ్డ కోలుకున్న తీరు చూసి తీర్పు చెప్పే ఏర్పాటు ఒక మార్గం. ఏ పరీక్షనూ సంపూర్ణమని అనుకోకుండా లెక్కగట్టే గణాంక పద్ధతులు కూడా ఉన్నాయి. వాటి కోసం గణాంక నిపుణులను మొదటి రోజు నుంచే వెంట ఉంచుకోవాలి.

ఇక బాగా జబ్బుపడిన పిల్లలనూ, పూర్తి ఆరోగ్యవంతులనూ పక్కపక్కన పెట్టి పరీక్షించి, 98 శాతం ఖచ్చితత్వం వచ్చిందని ప్రకటించే అధ్యయనాలకు నేను విలువ ఇవ్వను. వార్డులో డాక్టరుకు సందేహం వచ్చేది ఈ రెండు కొసల మధ్య ఉన్న బిడ్డ విషయంలో. అనుమానం వచ్చిన ప్రతి బిడ్డనూ వరుసగా చేర్చుకుని, రోగ నిర్ధారణ అధ్యయనాలను ఎలా వెల్లడించాలో చెప్పే స్టార్డ్ 2015 నియమావళి ప్రకారం ఫలితాలు వెల్లడించాలి.

అంకెల లెక్క

అనుమానంతో మందు మొదలైన 1,000 మంది పిల్లల్లో 100 మందికి నిజంగా ఇన్ఫెక్షన్ ఉందనుకుందాం. సున్నితత్వం 90, నిర్దిష్టత 93 శాతం ఉన్న పరీక్ష 90 మందిని పట్టి, 10 మందిని వదిలేస్తుంది. ఇన్ఫెక్షన్ లేని 900 మందిలో 63 మందికి తప్పుగా పాజిటివ్ వస్తుంది. నెగెటివ్ వచ్చిన 847 మందిలో 837 మందికి నిజంగానే జబ్బు లేదు, అంటే 98.8 శాతం. ఈ అంకె బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ మిగిలిన 10 మంది పిల్లలకు మందు ఆపేస్తే ఏమవుతుందో ఒక్క క్షణం ఊహించండి. నెగెటివ్ ఫలితాన్ని బిడ్డ పరిస్థితితో కలిపి చూసి, పాలు తాగుతూ చురుగ్గా ఉన్నవారికే మందు ఆపాలన్న నిబంధన అందుకే అవసరం. ఇదే పరీక్షను 1,000 మందిలో 10 మందికి మాత్రమే జబ్బు ఉండే చోట, పుట్టిన ప్రతి బిడ్డకూ చేస్తే, పాజిటివ్ వచ్చిన 78 మందిలో 9 మందే నిజమైన రోగులు. అక్కడ ఇది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

ఎంతమందిని చేర్చుకోవాలో కూడా ఇలాగే తేలుతుంది. సున్నితత్వం 95 శాతం చుట్టూ ఉంటుందని ఆశించి, అటూ ఇటూ 5 శాతానికి మించని తేడాతో చెప్పాలంటే సుమారు 73 మంది నిజమైన రోగులు కావాలి. చేర్చుకున్నవారిలో 10 శాతానికే జబ్బు ఉంటే అది 730 మంది. ఒక్క ఆసుపత్రితో ఇది తేలికగా కాదు, జిల్లా ఆసుపత్రుల్లోని నవజాత శిశువుల ప్రత్యేక వార్డులైన ఎస్‌ఎన్‌సీయూలను కలుపుకోవాలి.

అనుమతులు

రోగ నిర్ధారణ కిట్లు మన దేశంలో మెడికల్ డివైసెస్ రూల్స్ 2017 పరిధిలోకి వస్తాయి, నియంత్రణ కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థది. ఏ తరగతి కిందికి వస్తుందో ముందుగానే తెలుసుకుంటే తయారీ రికార్డులను మొదటి నుంచీ ఆ పద్ధతిలో ఉంచవచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. సిజేరియన్ అయిన తల్లి వేరే అంతస్తులో ఉంటుంది, తండ్రి పసికందుల ఐసీయూ (ఎన్ఐసీయూ) తలుపు బయట కంగారుగా నిలబడి ఉంటాడు. పది పేజీల గ్రాంథిక తెలుగు పత్రం ఇచ్చి సంతకం పెట్టించుకోవడం సమ్మతి అనిపించుకోదు. మామూలు తెలుగులో ఒక పేజీ రాసి, చదివి వినిపించి, కాదన్నా వైద్యంలో తేడా రాదని నోటితో చెప్పాలి. మామూలు కల్చర్ కోసం గుచ్చే సూదితోనే నమూనా తీస్తామని, వేరే పోటు ఉండదని హామీ ఇవ్వాలి.

రాత్రి రెండు గంటలకు

పరీక్ష వేగాన్ని యంత్రం నడిచే సమయంతో కాక, సూది గుచ్చిన దగ్గర నుంచి కేసు షీటులో మందుల ఆర్డర్ మారేదాకా లెక్కించాలి. గంటలో జవాబు ఇచ్చే యంత్రం ఉన్నా, రాత్రి తీసిన రక్తం ల్యాబ్ తెరిచేదాకా ట్రేలో ఉండిపోతే, ఆ రిపోర్టు మర్నాడు మధ్యాహ్నం రౌండ్స్ అయ్యాక చేరితే, అది గంట పరీక్ష కాదు. యంత్రం చేతికి రాకముందే రెండు వారాలపాటు వార్డులో కూర్చుని, ఇప్పటి కల్చర్ నమూనాలు ఏ వేళకు తీశారో, ఎప్పుడు బయలుదేరాయో, ఎప్పుడు రిపోర్టు వచ్చిందో, దాన్ని ఎవరు ఎప్పుడు చదివారో రాసుకోండి. ఎక్కువ ఆలస్యం ల్యాబ్ బయటే ఉందని తేలితే పరీక్షను వార్డు పక్క గదికి తేవాలి, లేదా వేగాన్ని పెంచే ఖర్చును నమూనా మోసే ఏర్పాటుకు మళ్లించాలి.

వార్డు పక్కన పెట్టే యంత్రం బ్యాటరీ మీద నడవాలి. రియేజెంట్లు మే నెలలో ఏసీ లేని గదిలో 40 డిగ్రీల వేడిని తట్టుకోవాలి. పరీక్ష చేసే అంచెలు తక్కువగా ఉండాలి, ఎందుకంటే దాన్ని నడిపేది ఇరవై మంది పిల్లలను చూస్తున్న ఒకరిద్దరు సిస్టర్లు. ఇవి అసాధ్యమైన కోరికలు కావు. క్షయ కోసం మన దేశంలోనే రూపొందిన ట్రూనాట్ బ్యాటరీతో నడిచే చిన్న పీసీఆర్ యంత్రం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 2020లో ఆమోదించింది. కిట్ల తయారీకి, పరీక్షకు కావలసిన సదుపాయాలు హైదరాబాద్ జినోమ్ వ్యాలీలో, విశాఖపట్నం మెడ్‌టెక్ జోన్‌లో అందుబాటులో ఉన్నాయి.

చివరి దశలో ఖచ్చితత్వం చూపించి ఊరుకోకూడదు. కొన్ని వార్డుల్లో కొత్త పరీక్ష ఫలితాన్ని డాక్టర్లకు ఇచ్చి, కొన్నింటిలో ఇవ్వకుండా, రెండు చోట్లా ఒక్కో బిడ్డకు ఎన్ని రోజులు యాంటీబయాటిక్ పడింది, మందు ఆపిన తరువాత ఎంతమందికి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది, ఎంతమంది ప్రాణాలతో ఇంటికి వెళ్లారు అన్నవి లెక్కగట్టాలి. ఫలితం చేతికి వచ్చినా డాక్టర్లు మందు ఆపడం లేదని తేలితే, వారితో కూర్చుని దేన్ని నమ్మలేకపోతున్నారో అడగాలి. పరీక్ష అమ్మకానికి వచ్చాక కూడా ఎన్‌డీఎం, ఓఎక్స్‌ఏ వంటి, సూక్ష్మజీవిని మందుకు లొంగకుండా చేసే నిరోధక జన్యువుల జాబితాను ఏటా ఆ ఏటి కల్చర్ రిపోర్టులతో సరిచూసి మార్చడానికి మనుషులనూ డబ్బునూ మొదటి బడ్జెట్‌లోనే కేటాయించుకోవాలి.